డిస్కు లేని ఆరు పెట్టెలు, రెండు వందల పన్నెండు పేర్లు

1998 నవంబరు 9, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఉదయగిరి బస్టాండులో దిగాను. చేతుల్లో పనిముట్ల పెట్టె, టిఫిన్ క్యారియర్. భుజాన నూట పది అడుగుల కేబులు చుట్ట. ముందు రోజంతా వాన కురిసి అప్పుడే ఆగింది. కొండ మీద కోట కనపడకుండా మబ్బు కమ్మి ఉంది. తీసుకుపోవడానికి మనిషి వస్తాడన్నారు, రాలేదు. ఇరవై ఐదు నిమిషాలు చూసి, దారి అడుక్కుంటూ నేనే నడిచి వెళ్ళాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలని నన్ను అడుగుతుంటారు. నేను ముప్పై ఏడేళ్ళలో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లలో ఒక్కటి కూడా ఇవాళ వాడుకలో లేదు. మిగిలింది తప్పులు మాత్రమే. వాటిలో పెద్దది ఆ సోమవారం మొదలైంది. అందుకే అక్కడినుంచి రాస్తున్నాను.

పని ఏమిటంటే

నాది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నెల్లూరులో ఒక చిన్న సర్వీసు కంపెనీలో చేరి రేడియోలు, ఆ తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేశాను. 1990ల్లో నా పని ఎక్కువగా నెట్‌వర్కులు వేయడం. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ 1996లో పోయింది. నేను ఊళ్ళు తిరిగినన్ని రోజులూ ఇంటికి తాళం ఉండేది. తాళం తీసినా లోపల మార్పు ఉండేది కాదు.

అప్పట్లో ఆత్మకూరు, ఉదయగిరి లాంటి ఊళ్ళల్లో కంప్యూటరు సెంటరు పెట్టాలంటే డిస్కులే పెద్ద బెడద. ఖరీదు ఒక సంగతి, కరెంటు ఒక సంగతి. రోజుకు ఏడెనిమిది సార్లు పోయేది, పోయినప్పుడల్లా డిస్కుకు దెబ్బ. అందుకని మద్రాసు ఆఫీసులు తీసిపారేసిన పాత పెట్టెలు కొని, వాటిలో డిస్కు లేకుండా చేసి, నెట్‌వర్క్ కార్డు మీద ఒక చిన్న బూట్ చిప్పు గుచ్చేవాళ్ళం. ఒక గదిలో ఒకే సర్వరు. దానికే డిస్కు, దానికే బ్యాటరీ. మిగతా ఆరూ దాని మీద బతికేవి.

డిస్కు లేని పెట్టెకు స్విచ్చి వేసిన క్షణాన ఏమీ తెలియదు. తన పేరు కూడా తెలియదు. కార్డు మీద అచ్చయి ఉన్న నంబరు ఒక్కటే తెలుసు. ఆ నంబరు చెప్పి, నేనెవరినని కేబులు మీద అడుగుతుంది. సర్వరు తన దగ్గరున్న పట్టీ చూసి, నువ్వు ఫలానా, ఇదిగో నీకు కావలసినవని పంపుతుంది. అప్పుడు తెర వెలుగుతుంది. ఆ పట్టీ నేనే చేత్తో కొట్టేదాన్ని. ఒక్క అంకె తప్పితే ఆ పెట్టె అడుగుతూనే ఉంటుంది, జవాబు రాదు. అందుకని ఒక్కో నంబరూ మూడుసార్లు సరిచూసేదాన్ని. మనిషి కూర్చుని రాసిందంతా సర్వరులో పడుతుంది. స్విచ్చి ఆపితే పెట్టె మళ్ళీ ఖాళీ.

ఇంటర్నెట్ అంటే సర్వరుకు తగిలించిన ఒక్క మోడెమ్. మద్రాసు నంబరుకు ఫోను కలపాలి, దూరపు కాలు. కాబట్టి రోజంతా జనం కూర్చుని ఉత్తరాలు కొట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నం మూడున్నరకు ఒకసారి లైను కలిపి, అందరివీ కలిపి పంపి, వచ్చినవి దించుకునేవాళ్ళు. కువైటులో నర్సు పని చేస్తున్న చెల్లెలికి రాసేవాళ్ళు, పరీక్ష ఫలితాల కోసం వచ్చేవాళ్ళు, ఊరికే తెర చూసిపోదామని వచ్చేవాళ్ళు. మూడున్నరయ్యేసరికి అందరూ గోడ గడియారం కింద చేరేవాళ్ళు.

ఆత్మకూరులో నేర్చుకున్నది

ఉదయగిరికంటే ముందు, అదే ఏడు జూన్‌లో, ఆత్మకూరులో ఇలాంటి సెంటరే వేశాను. రెండింటికీ యజమాని ఒకడే, ప్రకాశం అని, అంతకు ముందు ఫోను బూతు నడిపినవాడు. పెట్టిన మూడో వారం నెల్లూరుకు ఫోను చేశాడు.

"మేడమ్, నిన్నటిదాకా బాగానే ఉండాయి. పొద్దున్నించి ఆరూ మూగబోయినాయి."

"ఏమన్నా కదిపారా?"

"దేన్నీ తాకలా మేడమ్. తుడిచినాను, అంతే."

బస్సెక్కి వెళ్ళి మీటరు పెట్టాను. ఆ కేబులుకు రెండు చివరలా చిన్న మూత ఉంటుంది, ఒక్కోదానిలో యాభై ఓములు. రెండూ ఉంటే మీటరు ఇరవై ఐదు చూపాలి. యాభై చూపింది. అంటే ఒక చివర లేదు. గోడ వెంట నడిచి వెళ్ళి చూస్తే చివర బోసిగా ఉంది.

"ఇక్కడి మూత ఏమైంది?"

ప్రకాశం చొక్కా జేబులోంచి తీశాడు. "దీనికేం పనిలేదు గదా మేడమ్. అవతల దేనికీ తగల్లా, ఊరికే ఉండాది. ఎవడన్నా ఎత్తకపోతాడని జాగ్రత్త చేసినాను."

"ఊరికే లేదు. పోయిన మాటను చివర మింగేది ఒకటుండాలి. లేకపోతే అది వెనక్కి తిరిగొచ్చి, వచ్చే మాటల్తో కొట్టుకుంటుంది."

ఆయన మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా నాయన మాదిరన్నమాట. ఏ పనీ చేయడు, అరుగు మీద కూర్చోనుంటాడు. నాలుగు రోజులు ఊరికి పోయినాడంటే ఇంట్లో అందరం కొట్టుకుంటాం."

ఇది నవ్వుకోవడానికి చెప్పలేదు. పనిచేస్తున్నట్టు కనపడని వస్తువును తీసే ముందు అది ఏం ఆపుతున్నదో తెలుసుకోండి. ఈ పాఠం ప్రకాశానికి చెప్పినంత గట్టిగా నాకు నేను చెప్పుకోలేదు.

అప్పుడే ఆయన ఇంకో మాట అడిగాడు. "అన్నిటికీ కాకపోయినా ఒక్క పెట్టెకన్నా ఫ్లాపీ పెట్టండి మేడమ్. ఎవురిది వాళ్ళు ఎత్తకపోతారు."

"ఒక్క ఫ్లాపీ చాలు, ఆరింటికీ వైరసు అంటించడానికి."

"మీరు పెట్టెలో దాచుకోనీరు, జేబులో ఏసుకోనీరు. కష్టమే మీతో."

నా మాట తప్పు కాదు. కానీ మనిషి రాసుకున్నది ఆ మనిషి చేతికి వచ్చే దారి ఒక్కటి కూడా లేకుండా చేసి, దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

మా బాసు సుబ్రహ్మణ్యం గారి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పనిలో ఆయనంత తెలిసినవాణ్ణి నేను చూడలేదు. ఉదయగిరికి గీసిన పటం చూపిస్తే ఒకే ప్రశ్న వేశాడు: "రెండో కాపీ మొదటిదానికి ఎంత దూరంలో ఉంది?"

"ఒకే సర్వరులో రెండు డిస్కులండీ. ఒకదాన్లో రాసింది అదే క్షణం రెండోదాన్లోనూ పడుతుంది. మధ్య మూడంగుళాలు" అన్నాను, కాస్త గొప్పగానే.

ఆయన ఊఁ అని కాగితం వెనక్కి ఇచ్చాడు. అర్థం కానివాడికి రెండోసారి చెప్పకూడదన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి మంచిది కాదు. మీరు పై స్థానంలోకి వస్తే, తెలిసిన సంగతిని ప్రశ్నగా అడిగి ఊరుకోకండి. విప్పి చెప్పండి.

గుంత

ఉదయగిరి సెంటరు నడిపింది సుగుణమ్మ. ప్రకాశానికి వరసకు చెల్లెలు, ముప్పై ఐదేళ్ళ మనిషి. ఊడ్చేదీ ఆమే, లైను కలిపేదీ ఆమే. నేను వెళ్ళేసరికి గది సున్నం కొట్టి సిద్ధంగా ఉంది కానీ ఎర్తింగ్ లేదు. వెనక దొడ్లో ఎనిమిదడుగుల గుంత తీసి, ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి పూడ్చాలి. దారితప్పిన కరెంటు, పిడుగు కరెంటు ఆ గొట్టం గుండా భూమిలోకి దిగుతాయి. గొట్టం పైన గరాటు పెట్టి రోజూ రెండు బిందెల నీళ్ళు పోయాలి. తడి లేని భూమి కరెంటును తీసుకోదు.

మర్నాడు గుంత తీయడానికి యాకోబు వచ్చాడు. అరవై ఆరేళ్ళు, పొడుగ్గా, ఎండిన మనిషి.

"ఈయన్ని మించినోడు లేడక్కా" అంది సుగుణమ్మ. "బతుకంతా గుంతలే తీసినాడు."

"ఎన్నడుగులమ్మా?" అన్నాడాయన.

"ఎనిమిది."

"అంత లోతు ఎవరికి? మనిషికి ఆరే గదా."

"కరెంటుకు."

"చచ్చిపోయిందా?"

"దారితప్పితే పోవడానికి."

నవ్వి పలుగు అందుకున్నాడు. రెండు రోజులు ఒక్కడే తవ్వాడు. నాలుగు మూలలూ మట్టం పెట్టి కోసినట్టున్నాయి. ఇలాంటి పనికి అంత సొగసు అక్కర్లేదని చెప్పాను. "చేతికి అదే వచ్చు" అన్నాడు.

గుంత పూడ్చి, నీళ్ళు పోసి, మీటరు పెట్టి చూశాను. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 1.4 వోల్టులు. రెండు దాటకూడదు. చాలా మంచి ఎర్తింగ్ అని పుస్తకంలో తేదీతో రాసుకున్నాను, 1998 నవంబరు 11. చుట్టూ నేలంతా వానకు నానిన రోజది. ఆ సంగతి రాయలేదు.

ఆ సాయంత్రం ఆరు పెట్టెలూ ఒకదాని వెనక ఒకటి లేచాయి. యాకోబు కాళ్ళు కడుక్కుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏం జరుగుతున్నదో చెప్పాను.

"అయితే ఆ పెద్ద పెట్టె ఆరుగురి పేర్లూ తప్పు లేకుండా చెప్తాదా?"

"చెబుతుంది."

"నేను రెండువందల పన్నెండు చెప్తాను."

ఆయనది పెన్న మీద సోమశిల డ్యాము నీళ్ళల్లో మునిగిన ఊరు. ఆ ఊళ్ళో బాప్టిస్టు గుడికీ, గుడి వెనక సమాధుల దొడ్డికీ కావలి ఉండేవాడు. సమాధులు తవ్వింది ఆయన, అంతకుముందు ఆయన నాయన. ఊరు ఖాళీ చేసిన రోజుల్లో, ఈ సమాధుల లెక్క రాసి ఉన్న గుడి పుస్తకం ఏ బండిలో పోయిందో ఎవరికీ తెలియలేదు. జనం తలా ఒక దిక్కు పోయారు. ఆయన కొన్నాళ్ళు కలువాయి దగ్గర ఉండి, చివరకు వరికుంటపాడు పక్కన కూతురింటికి చేరాడు. అక్కడ ఆయన ఊరివాళ్ళు ఒక్కరూ లేరు. చదువు రాదు. దొడ్డిలో తొమ్మిది వరసలు, 212 సమాధులు, ఎవరి పక్కన ఎవరున్నారో ఆయనకొక్కడికే గుర్తు.

"రోజూ ప్రార్థనకు ముందర గేటు కాణ్ణించి చెప్పుకుంటా వస్తాను" అన్నాడు. "నేను పోతే వాళ్ళు ఏ వరసలో ఉండారో చెప్పేవాడు లేడు. నీ పెట్టెలో పడతాయా అమ్మా?"

పడతాయన్నాను.

శనివారాలు

కాంట్రాక్టు ప్రకారం రెండు వారాలకొక శనివారం నేను ఉదయగిరి వెళ్ళి సర్వరు చూడాలి. పని మూడున్నర లైనుతో అయిపోయేది. నెల్లూరు బస్సు అయిదున్నరకు. మధ్యలో గంటన్నర పైన ఏ పనీ లేని సమయం. ఆ ఊళ్ళో సుగుణమ్మ తప్ప నాకు తెలిసినవాళ్ళు లేరు. క్యారియర్ అడుగున మిగిలిన పెరుగన్నం తిని బస్టాండులో కూర్చోవడం తప్ప చేసేది లేదు. కాబట్టి టైపు చేయడానికి నేనే ఒప్పుకున్నాను. దయతో చేశానని అనుకోకండి.

మొదటిసారి నవంబరు 28. యాకోబు ఆరో నంబరు పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కుడిచేత్తో గాలిలో దేన్నో తోశాడు.

"గేటు తీసినాను. ఎడంపక్క మొదటి వరస. చిన్న ఏసయ్య, పాము కరిచి పోయినాడు, గాలివాన ఏడు. ఆయన పక్కన వాళ్ళమ్మ సంతోషమ్మ. ఆ పక్కన పసిబిడ్డ, పేరు పెట్టలా, కోటయ్య గారి మనవరాలు."

"పేరు లేకపోతే ఏమని రాయను?"

"కోటయ్య గారి మనవరాలని రాయి. ఉండాది గదా."

రోజుకు పద్దెనిమిది అని నియమం పెట్టాను. లెక్క తేలిగ్గా ఉంటుందని. పేరు, వరస, స్థానం, ఏడు, పోయిన కారణం. ఏడు తెలియని చోట ఆయన చెప్పిన గుర్తు. అయిదో వరసలో ఆయన భార్య మార్తమ్మ ఉంది. ఆమె కుడిపక్కన ఖాళీ.

"అక్కడ ఎవరు?"

"ఎవురూ లేరు. నాకని ఉంచుకున్నాను. ఖాళీ అని రాయి, వరస తప్పుతాది లేకపోతే."

రాశాను. సమాధుల లెక్కలో కలపలేదు.

ఒక శనివారం మా అమ్మ సంగతి అడిగాడు. "మీ అమ్మది ఎక్కడమ్మా?"

"మాకు సమాధి ఉండదు. కాల్చి పెన్నలో కలిపాం."

"సోమశిల నీళ్ళు కిందికి ఇడిస్తే నెల్లూరికే గదా వచ్చేది. అయితే మావాళ్ళూ మీ అమ్మా ఒకే నీళ్ళల్లో ఉండారు."

ఆ వారం ఇంటికి వెళ్ళి తాళం తీసినప్పుడు ఆ మాట గుర్తుకొచ్చింది. చాలా రోజులు గుర్తుంది.

ఫిబ్రవరి 6న, అయిదోసారి కూర్చున్నప్పుడు (క్రిస్మస్ మర్నాటి శనివారం ఆయన రాలేదు), ఒక సంగతి గమనించాను. ఆయన ప్రతిసారీ గేటు దగ్గర మొదలుపెట్టి, చెప్పినవన్నీ మళ్ళీ చెప్పుకుంటూ వచ్చి, ఆగిన చోట కొత్తవి అందుకుంటున్నాడు. అప్పటికే 72 పేర్లు. నేను ఊరికే కూర్చుని వినాలి. బస్సు టైము దగ్గరపడుతున్నది.

"మొదటినుంచి అక్కర్లేదు పెద్దాయనా. అవన్నీ పెట్టెలో ఉన్నాయి. ఆగిన చోటినుంచి చెప్పు."

"గేటు తీయకుండా లోపలికెట్ట వచ్చేది అమ్మా?"

"చెప్పి చూడు. నేను చివరి పేరు అందిస్తాను."

కష్టపడ్డాడు, కానీ రెండుమూడు వారాల్లో అలవాటయింది. పద్దెనిమిది పేర్లు నలభై నిమిషాల్లో అయిపోయేవి. పని వేగం పెరిగిందని సంతోషించాను.

ఏప్రిల్ 3 ఈస్టరుకు ముందు రోజు. తెల్లవారితే అందరూ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆయన ఆ రోజు అన్నాడు, "రేప్పొద్దున చేతిలో పెట్టుకునేదానికి అయినకాడికి కాగితం మీద ఇయ్యమ్మా. నీళ్ళ మీద కొవ్వొత్తి పెట్టలేను గదా."

ఉదయగిరిలో ప్రింటరు లేదు. ఆత్మకూరులో ఉంది. ఇంకో పెట్టె, కేబులు తెచ్చి, సర్వరులో ఉన్నది దానిలోకి ఎక్కించి అక్కడికి తీసుకెళ్ళాలంటే సగం రోజు పని. అది నిజమే. కానీ నేను చెప్పిన కారణం అది కాదు.

"ఇంకా యాభై ఉన్నాయి. సగం లెక్క లెక్క కాదు. పూర్తయ్యాక తప్పులు దిద్ది ఒకేసారి అచ్చు తీస్తాను."

"నీ ఇష్టం" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఎండాకాలం

ఆ ఏడు ఏప్రిల్ నడుమకే ఉదయగిరిలో బావులు అడుగంటాయి. ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది. మే 1న వెళ్ళినప్పుడు దొడ్లో గరాటు చుట్టూ నేల పగిలి ఉండడం చూశాను.

"గుంతకు నీళ్ళు పోయడం లేదా?"

సుగుణమ్మ దాచలేదు. "తాగేదానికే లేవక్కా. జనం ఎండన పడి వస్తారు, నీళ్ళడగతారు. మనిషి నోరు తెరిచి అడిగితే కాదని ఉప్పుగుంతకు పోసేదానికి మనసొప్పలా. బొగ్గుకేం దప్పికా?"

యాకోబు స్టూలు మీద కూర్చుని లోటాతో నీళ్ళు తాగుతున్నాడు. వరికుంటపాడునుంచి నిలబడి వచ్చాడు, బస్సులో చోటు దొరకలేదు.

నాకు ఏం చేయాలో తెలుసు. మీటరు నా పెట్టెలోనే ఉంది. రెండు నిమిషాల పని. కానీ నవంబరులో 1.4 అని నా చేత్తో రాసుకున్న అంకె ఉంది. ఆ అంకె మీద నమ్మకం, ఆ లోటా చూసి కలిగిన మొహమాటం, రెండూ కలిశాయి. "వీలైనప్పుడు ఒక బిందెన్నా పొయ్యి" అని ఊరుకున్నాను. ఆ రోజుతో 198 పేర్లు అయ్యాయి. మిగిలినవి 14. మే 15న పూర్తి చేద్దామనుకున్నాం.

మే 13, గురువారం. మూడున్నరకు సుగుణమ్మ ఎప్పటిలాగే లైను కలిపింది. అంతలో ట్యాంకరు వచ్చిందని వీధిలో కేక. మబ్బు పడితే ఫోను తీగ పీకేయాలని నేను గోడ మీద రాసి అంటించాను. ఆమె బిందె తీసుకుని వెళ్ళేటప్పుడు మబ్బు లేదు. వరసలో నిలబడి ఉండగా కొండ వెనకనుంచి వచ్చింది. వాన పడలేదు. ఒకే పిడుగు, ఊరి బయట ఫోను స్తంభం మీద.

పిడుగును పక్కకు మళ్ళించే చిన్న పెట్టె ఫోను తీగకు ఉంది. దానిలోంచి ఎర్తు గొట్టానికి తీగ ఉంది. గొట్టానికి భూమి ఉంది. భూమిలో తడి లేదు. దిగే దారి లేని కరెంటు మోడెమ్‌లోంచి సర్వరులోకీ, కేబులు వెంట ఆరు పెట్టెల్లోకీ పోయింది. సర్వరు లోపల రెండు డిస్కులు, మధ్య మూడంగుళాలు. రెండూ ఒకేసారి పోయాయి.

మే 15

పద్నాలుగున ప్రకాశం ఫోను చేశాడు. పదిహేనున వెళ్ళి ముందుగా మీటరు పెట్టాను. 31 వోల్టులు. తర్వాత డిస్కులు విప్పాను. రెండూ తిరగలేదు. మద్రాసు పంపాం, అక్కడా కాలేదు.

సుగుణమ్మ గోడకానుకుని కూర్చుంది. "నేను పోకుండా ఉండాల్సిందక్కా."

"నీళ్ళకు పోయావు. పోకుండా ఎలా ఉంటావు."

నాలుగు గంటలకు యాకోబు వచ్చాడు. చేతిలో కొత్త ప్లాస్టిక్ కవరు, మడతలు కూడా విప్పలేదు. పూర్తయ్యే రోజు గదా, కాగితాలు తడవకుండా పెట్టుకోవడానికి కొన్నాడు. కాగితాలు ఆత్మకూరులో తీయాలని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

జరిగింది చెప్పాను. గుంత సంగతి కూడా. ఎవరి మీదా పెట్టకుండా, నేను కొలవలేదని చెప్పాను. ఆయన దొడ్లో గరాటు వైపు చూశాడు.

"ఆ నీళ్ళు తాగింది నేనే గదమ్మా."

"నువ్వు కాదు. తప్పు నాది. మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి కాగితం మీద."

పుస్తకం తెరిచి, కింద కార్బను పేపర్లు పెట్టి, కలం పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.

"గేటు తీసినాను. ఎడంపక్క మొదటి వరస. చిన్న ఏసయ్య. వాళ్ళమ్మ సంతోషమ్మ. కోటయ్య గారి మనవరాలు." ఇంకో పదకొండు పేర్లు వచ్చాయి. తర్వాత ఆగాడు. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"రోజూ చెప్పుకునేవాడివి కదా, ప్రార్థనకు ముందు" అన్నాను.

"రాసినకాడికి మానేసినాను. పెట్టెలో ఉండాయి, మొదటినించి అక్కర్లేదని నువ్వే చెప్తివి గదా. మిగిలినయ్యే చెప్పుకుంటా వచ్చినాను."

నిష్ఠూరంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

"అయితే ఆ మిగిలినవి చెప్పు."

తొమ్మిదో వరస చివరి పద్నాలుగు పేర్లూ ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. ఏడుతో సహా, కారణంతో సహా.

ఆ తర్వాత

ఆ ఎండాకాలం, ఆ వానాకాలం, శనివారాలన్నీ కూర్చున్నాం. కొన్ని వరసలు సగం వచ్చాయి, కొన్ని అసలే రాలేదు. అయిదో వరసలో మార్తమ్మ వచ్చింది, ఆమె కుడిపక్క ఖాళీ వచ్చింది. ఆమెకు ఎడంపక్క ఎవరో రాలేదు. దానికోసం ఒక సాయంత్రమంతా ఆయన స్టూలు మీదే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆమె పక్కన పడుకున్న మనిషిని మరిచిపోయినానే అన్నాడు. డిసెంబరు 11న ఆయనే చాలన్నాడు. కాగితాలు మూడు ప్రతులు చేశాం. ఒకటి ఆయన ప్లాస్టిక్ కవరులో, ఒకటి ఆత్మకూరులో ప్రకాశం బీరువాలో, ఒకటి నెల్లూరులో నా దగ్గర. ఈసారి ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం మైళ్ళలో ఉంది.

తర్వాత పనిచేసిన ఏళ్ళలో ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలలో ఒకసారి ఎర్తు కొలవకుండా ఏ సెంటరూ వదల్లేదు. సగం పనిని కూడా అదే రోజు కాగితం మీద ఇచ్చాను. వీటిని మీరు నానుంచి నేర్చుకోవచ్చు, తేలికే. మనిషి తనంతట తాను మోస్తున్న దాన్ని యంత్రంలోకి తీసుకునేటప్పుడు మాత్రం, ఇక నువ్వు మోయనక్కర్లేదని ఎప్పుడూ చెప్పకండి. ఆ మాటను ఏ మీటరూ కొలవదు.

1999 మే 13న ఉదయగిరిలో పోయినవి: నెట్‌వర్క్ కార్డులు ఏడు. బూట్ చిప్పులు ఆరు. మోడెమ్ ఒకటి. డిస్కులు రెండు. కేబులుకు ఏమీ కాలేదు, ఇరవై ఐదు ఓములు.

సమాధులు 212. నాకు చెప్పనివి 14, పద్నాలుగూ ఉన్నాయి. నాకు చెప్పినవి 198, తిరిగి వచ్చినవి 90.

పోయిన పేర్లు 108.